అంచున కనబడిన మోచెయ్యి

నేను ఒక వీడియో కెమెరాను. ఆ మాట అనగానే మీకు పెళ్ళిపందిరి, తలంబ్రాలు, పంక్తిలో నోటి నిండా లడ్డూ పెట్టుకుని నన్ను చూసి సిగ్గుపడే మేనత్తలు గుర్తొస్తారని నాకు తెలుసు. తప్పు మీది కాదు, నా జీవితంలో సగం అక్కడే గడిచింది. కానీ ఇప్పుడు చెప్పబోయేది పెళ్ళి సంగతి కాదు. మాట రాని ఒక మనిషి కోర్టులో నిజం చెబుతుంటే నన్ను అవతలి పక్కకు తిప్పి నిలబెట్టారు. ఆ కారణంగా ఏ పాపం తెలియనివాడు జైలుకు పోయాడు. ఆ సంగతి చెబుతాను.

నేను పుట్టింది సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో. తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు, ఊపిరి తగిలితే ఎక్కడ మసక పడుతుందోనని మూతికి గుడ్డలు కట్టుకుని నా కంటి అద్దాన్ని బిగించారు. అంత భయభక్తులతో నన్ను మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు. హైదరాబాదులో ఒక దుకాణం బీరువాలో కొన్నాళ్ళు కూర్చున్నాక, విఠల్ అనే స్టూడియో యజమాని నన్ను కొని, బీడీలు చుట్టే ఊళ్ళ నడుమ ఉన్న తన చిన్న పట్నానికి తీసుకుపోయాడు. బస్సులో నన్ను ఒళ్ళో పెట్టుకుని, పక్క సీటాయన మోచెయ్యి తగిలినప్పుడల్లా పసిపిల్లను కాపాడుకున్నట్టు దగ్గరికి లాక్కున్నాడు. ఆ ప్రేమ మొదటి పెళ్ళిళ్ళ సీజను దాకా ఉంది. తర్వాత నా మీద చాయ్ గ్లాసు కూడా పెట్టాడు.

విఠల్‌కు పనిలో ఒకే ఒక సూత్రం ఉండేది. కొత్తగా పనికి వచ్చినవాళ్ళకు అదే మంత్రం చెప్పేవాడు. "మైకు ఎవలి చేతుల ఉంటే మన కన్ను వాళ్ళ దిక్కు ఉండాలె. మిగిలిందంత దండుగ." పెళ్ళిలో పంతులు, సభలో నాయకుడు, సన్మానంలో సన్మానం చేసేవాడు. సన్మానం చేయించుకునే ముసలాయన ఒక పక్కన కళ్ళు తుడుచుకుంటుంటే నేను ఎన్నిసార్లు మైకు పట్టుకున్నవాణ్ణే చూస్తూ ఉండిపోయానో చెప్పలేను. మనుషులు నోరున్నవాడి వైపే తిరుగుతారు. కన్ను పెట్టుకున్నందుకు నన్నూ అటే తిప్పుతారు.

మా పట్నంలో పోలీసులకు సొంత కెమెరా లేని రోజులవి. దొంగతనం జరిగిన ఇల్లయినా, పంచనామా అయినా విఠల్‌కు కబురు వచ్చేది. ఒకసారి అలవాటు కొద్దీ శవ పంచనామా వీడియోకు వెనక పిల్లనగ్రోవి పాట కలిపి ఇచ్చాడు. ఎస్సై గారు తిట్టిన తిట్లకు స్టూడియో అద్దాలు అదిరాయి. అప్పటి నుంచి సర్కారు పని అంటే పాట పెట్టేవాడు కాదు. అంతకు మించి ఏమీ మార్చుకోలేదు.

అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున పట్నం చివర ఉన్న బీడీ కార్ఖానాలో తునికాకు గోదాం తగలబడింది. లోపల ఒక మూలన కూర్చుని ఆకు ఏరుతున్న లింగవ్వ అనే ముసలామె బయటికి రాలేక చనిపోయింది. తలుపుకు బయటి నుంచి గొళ్ళెం పెట్టి ఉంది. కాపలా మనిషి ఓదెలుకు ముందు రోజే కార్ఖానా యజమాని సేటుతో పోట్లాట అయిందని నలుగురూ చెప్పారు. అతని రెండు చేతులూ కాలి ఉన్నాయి. గొళ్ళెం పెట్టి నిప్పు పెట్టింది అతనేనని, ఆ కాలిన చేతులే సాక్ష్యమని పోలీసులు కేసు రాశారు. తలుపు తీయబోయి కాల్చుకున్నానని ఓదెలు నెత్తీ నోరూ బాదుకున్నాడు. ముద్దాయి అన్నాక అలాగే అంటాడు కదా అన్నారు.

చూసినది ఒక్కతే. కొమురవ్వ. చుట్టడానికి ఆకు తీసుకుపోదామని ఆ పొద్దున ఆకుకు వచ్చే ఆడవాళ్ళందరికన్నా ముందు కార్ఖానాకు వచ్చింది. పుట్టుకతో చెవులు వినబడవు, మాట రాదు. బడికి పోలేదు కాబట్టి బడిలో నేర్పే సైగలు కూడా రావు. అన్న రాజలింగుతో చిన్నప్పటి నుంచి ఆడుకుంటూ తనే కల్పించుకున్న సైగలు, అంతే. ఆ సైగలు బాగా తెలిసినవాడు రాజలింగు ఒక్కడే. అందుకని ఆమె చెప్పేది మాటల్లో పెట్టడానికి కోర్టు అతని చేతే ప్రమాణం చేయించింది. మాట రాని సాక్షి సైగలతో చెబితే దాన్ని వీడియో తీయాలని చట్టం ఉంది. అందుకని విఠల్‌కు కబురు వచ్చింది. అలా నేను కోర్టు మెట్లెక్కాను.

ఆ హాలు నాకు బాగా గుర్తుంది. జడ్జి గారి కుడి పక్కన సాక్షి బోను. ముద్దాయి నిలబడే చోటు హాలు చివర, తలుపు దగ్గర. అక్కడి నుంచి చూస్తే సాక్షి వీపు తప్ప ఏమీ కనిపించదు. కొమురవ్వ బోనులో నిలబడింది, రాజలింగు బోను కింద ఒక పక్కగా నిలబడ్డాడు. విఠల్ నన్ను మూడు కాళ్ళ స్టాండు మీద బిగించి, ఎటు తిప్పాలా అని అటూ ఇటూ చూశాడు. బెంచి క్లర్కు విసుక్కున్నాడు.

"మాట్లాడెటాయన మొఖం సాఫ్‌గ రావాలె. రేపు పై కోర్టోళ్ళు ఇనాలె గదా!"

మైకు రాజలింగు ముందే ఉంది. విఠల్ తన సూత్రం ప్రకారం నన్ను అటు తిప్పేశాడు. నా చూపులో రాజలింగు ముఖం నిండుగా, చెమటతో, భయంతో. ఎడమ అంచున, ఎర్రగాజుల పైన, కొమురవ్వ మోచెయ్యి ఒక్కటే.

ప్రశ్న అడిగారు. రాజలింగు చెల్లెలికి చేతులతో చెప్పాడు. అంచున మోచెయ్యి కదలడం మొదలుపెట్టింది. పైకి లేచింది, ముందుకు పోయింది, ఒక్క ఊపున వెనక్కి వచ్చింది, మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. చాలా సేపు. హాలులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. జడ్జి గారు తల వంచుకుని కాగితాలు చూసుకుంటున్నారు, ఎందుకంటే చెవికి ఏమీ వినబడటం లేదు. మాట వినబడినప్పుడు తల ఎత్తడం ఆయనకు ఇన్నేళ్ళ అలవాటు. ఓదెలు వకీలు గడియారం చూసుకున్నాడు. మోచెయ్యి ఆగింది. రాజలింగు గొంతు సవరించుకున్నాడు.

"ఓదెలును సూశిందట సార్. గొల్లెం మీద ఓదెలు చెయ్యి ఉన్నదట."

జడ్జి గారు తల ఎత్తి, ఆ మాటను టైపిస్టుకు చక్కటి భాషలో చెప్పారు. టైపిస్టు కొట్టింది. అయిపోయింది. చివర ప్రతి సాక్షి వాంగ్మూలం కింద వచ్చే వాక్యం ఆమె వేళ్ళు వాటంతట అవే కొట్టేశాయి. చదివి వినిపించగా విని, సరిగ్గా ఉన్నదని ఒప్పుకున్నది. దాని కింద కొమురవ్వ వేలిముద్ర వేసింది. పుట్టు చెవిటి మనిషికి చదివి వినిపించారు, ఆమె విన్నది! అంతమంది చదువుకున్నవాళ్ళ చేతుల మీదుగా ఆ కాగితం పోయింది. ఒక్కరి కన్నూ అక్కడ ఆగలేదు.

తీర్పు రోజు విఠల్ ఇంకో కేసు పని మీద నన్ను తెచ్చి హాలు మూలన నిలబెట్టాడు. స్విచ్ నొక్కలేదు. అయినా నాకు మూత పెట్టలేదు, కన్ను తెరిచే ఉంది. కొమురవ్వ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఓదెలును చూసి నవ్వింది, అరచెయ్యి చూపించింది, ఏం భయం లేదన్నట్టు. తాను చెప్పింది కదా, ఇక వదిలేస్తారనే అనుకుంది. జడ్జి గారు యావజ్జీవం అని చదివారు. ఆమెకు వినబడలేదు. ఓదెలు మోకాళ్ళ మీద కూలబడ్డాక గానీ ఏదో జరిగిందని తెలియలేదు.

ఓదెలు భార్య సమ్మక్క జనాన్ని తోసుకుంటూ వచ్చి కొమురవ్వ భుజాలు పట్టి కుదిపింది. "నోరు లేనిదానివని నీకు గంజి పోస్తి గదనే! నా మొగన్ని మింగితివి గదనే! నీ చేతులిరగ!"

కొమురవ్వకు ఆ ఏడుపు కనిపించింది. తిట్టు వినబడలేదు. కొంగు చివర పట్టుకుని, తనను తిడుతున్న మనిషి కళ్ళనీళ్ళు తుడిచింది. సమ్మక్క బిత్తరపోయి వెనక్కి తగ్గింది. రాజలింగు చెల్లెలి రెక్క పట్టుకుని గబగబా బయటికి లాక్కుపోయాడు. నాకు చూడటం తప్ప ఇంకేమీ చేతకాదు. ఆ రోజు నాకు నోరెందుకు లేదా అని ఏడుపొచ్చింది.

తర్వాత పెళ్ళిళ్ళకు కొత్త రకం కెమెరాలు వచ్చాయి. ఆకాశం నుంచి తీసే కెమెరా లేకపోతే పెళ్ళికొడుకు తాళి కట్టనంటున్నాడని విఠల్ మొత్తుకునేవాడు. కోర్టువాళ్ళు ఊరికే అద్దెకు పిలవడం ఎందుకని నన్ను కొనేసి, నాతో పాటు విఠల్‌ను కూడా కాంట్రాక్టు పనికి పెట్టుకున్నారు. నేను తీసినవి కవర్లలో సీలు వేసి రికార్డు గదిలో పెట్టేవారు. చట్టం తీయమంది కాబట్టి తీశారు. చూడమని గట్టిగా చెప్పలేదు కాబట్టి ఎవరూ చూడలేదు.

చూసింది పై కోర్టులో ఓదెలుకు ఉచితంగా దొరికిన వకీలమ్మ. నేను అక్కడ లేను. బెంచి క్లర్కు, టైపిస్టు నా ముందే చెప్పుకుంటుంటే విన్నాను. వకీలమ్మ ఆ వీడియో వేసుకుని చూస్తే ముందు ఏమీ దొరకలేదట. ఒక మగమనిషి, ఒక మైకు, ఒక వాక్యం. రెండోసారి చూస్తుంటే అంచున ఆ మోచెయ్యి కనబడిందట. అంత సేపు ఆగకుండా ఆడిన చేతికి, ఆ ఒక్క వాక్యానికి పొంతన ఎక్కడుందని పై కోర్టు వారిని అడిగిందట. వాళ్ళు కూడా చూశారు. చెవులు మూసుకుని చూడమని ఆమె కోరిందని క్లర్కు వెక్కిరింపుగా చెప్పాడు కానీ, చెబుతూ చెబుతూ తనే మెత్తబడిపోయాడు. కొమురవ్వ వాంగ్మూలం మళ్ళీ తీసుకోండి, ఈసారి ఆమెను చూపించండి అని ఆర్డరు వచ్చింది.

తర్వాత జరిగినవన్నీ ముందే చెప్పేస్తాను. నాకు ఆ వాంగ్మూలం మళ్ళీ తీసుకున్న రోజుతోనే ముగించాలని ఉంది. పై కోర్టు ఓదెలును నిర్దోషి అని వదిలిపెట్టింది. కాలిన చేతి వేళ్ళు సరిగ్గా ముడుచుకోవడం లేదు కాబట్టి అతనికి మళ్ళీ కాపలా పని ఎవరూ ఇవ్వలేదు, సమ్మక్క కూలి మీదనే ఇల్లు నడుస్తోందని విన్నాను. సేటు మేనల్లుడి మీద కేసు పెట్టారు. అది వాయిదా మీద వాయిదాగా నడుస్తూనే ఉంది. సేటు కొమురవ్వకు ఆకు, తంబాకు ఇవ్వడం మానేశాడు. అన్నాచెల్లెళ్ళు వాడ విడిచి వేరే ఊరికి పోయారు. నిజమంతా చెబితే బతుకు పోతుందని రాజలింగు మొదటిసారి మైకు ముందు భయపడ్డాడు, ఆ భయం ఉత్తది కాదు. నేనిప్పుడు రికార్డు గదిలో ఇనుప బీరువా మీద ఉన్నాను. హాలు పైకప్పుకు పోకచెక్కంత కెమెరాలు నాలుగు మూలలా బిగించారు. వాటిని ఎవరూ ఎటూ తిప్పరు. మంచిదే.

ఇక ఆ రోజు సంగతి. పాత జడ్జి గారు బదిలీ అయిపోయారు, కొత్తగా ఒక జడ్జమ్మ వచ్చారు. బధిరుల పాఠశాల నుంచి సుగుణ అనే టీచరును పిలిపించారు. ఆమె కొమురవ్వ ఇంటికి పోయి, పక్కన కూర్చుని బీడీలు చుట్టి, ఆమె సైగలన్నీ నేర్చుకుని వచ్చింది. ఓదెలును జైలు నుంచి తీసుకురాలేదు. అతన్ని అక్కడే ఒక గదిలో తెర ముందు కూర్చోబెట్టారు. నేను చూసేది వైరు గుండా అతని తెర మీదికి పోతుంది. అతను మా హాలు గోడకు బిగించిన టీవీలో కనిపిస్తాడు. రాజలింగు చివరి బెంచీలో కూర్చున్నాడు.

జడ్జమ్మ కుర్చీలో కూర్చోగానే విఠల్‌ను అడిగారు. "కెమెరా ఎటు చూస్తోంది?"

"మాట్లాడెటోళ్ళ దిక్కు మేడం."

"ఇక్కడ మాట్లాడేది ఎవరు?"

విఠల్ సుగుణ టీచరు ముందున్న మైకును చూశాడు, బోనులో ఉన్న కొమురవ్వను చూశాడు. నన్ను ఆమె వైపు తిప్పాడు.

అప్పుడు చూశాను ఆమె చేతులను. ఆ చేతుల్లో ఒక మనిషి బండి మీద వచ్చి, గోదాంలో ఆకు కుప్ప మీద కూర్చుని సిగరెట్టు ముట్టించాడు. బయటికి వచ్చి తలుపు మూసి గొళ్ళెం ఇటు నుంచి అటు తోశాడు, బండెక్కి పోయాడు. ఆమె ముక్కు ఎగబీల్చి పొగ చూపించింది. ఓదెలు బోరింగు దగ్గర మొఖం కడుక్కుంటున్నవాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. గొళ్ళెం పట్టి ఇటు లాగాడు, చెయ్యి వెనక్కి తీసి ఊదుకున్నాడు, మళ్ళీ లాగాడు, మళ్ళీ ఊదుకున్నాడు. తల తలుపుకేసి కొట్టుకున్నాడు. ఇదంతా అర్థం కావడానికి టీచరు కూడా అక్కర్లేదు. వెనక బెంచీల్లో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు అయ్యో అన్నారు. బండి మీద వచ్చినవాడు ఎవరని వకీలు అడిగితే, సేటు చేతికుండే పెద్ద ఉంగరం చూపించి, ఆయన అక్క కొడుకని చూపించింది.

"ఈమెకు చదివి వినిపించలేం. చూపిద్దాం," అన్నారు జడ్జమ్మ. ఇప్పుడు తీసినది చూపించారు. కొమురవ్వ తన చేతులను తెర మీద చూసుకుని తల ఊపింది. తర్వాత జడ్జమ్మ పాతది కూడా వేయమన్నారు. తెర నిండా రాజలింగు ముఖం వచ్చింది, పెదవులు కదిలాయి. కొమురవ్వ టీచరును అడిగింది, అన్న ఏమన్నాడని. సుగుణ టీచరు జడ్జమ్మ వైపు చూసింది. జడ్జమ్మ చెప్పమని తల ఊపారు. టీచరు చెప్పింది. ఓదెలు, గొళ్ళెం, చెయ్యి. అంతే, ఇంకేమీ లేదు.

కొమురవ్వ ఇంకా చూస్తూనే ఉంది, మిగతాది కూడా చెబుతారని. చెప్పలేదు. ఆమె చేతులు బోను కర్ర మీద పడిపోయాయి. తాను చెప్పిన సాక్ష్యంతోనే ఓదెలు జైలుకు పోయాడని, సమ్మక్క ఆ రోజు ఎందుకు తనను కుదిపిందో, వాడలో ఆడవాళ్ళు ఎందుకు ముఖం తిప్పుకుంటున్నారో ఆ క్షణంలోనే ఆమెకు తెలిసింది. ఆమె ముఖం నేను దగ్గరగా చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

వెనక నుంచి రాజలింగు లేచి నిలబడ్డాడు, ఎవరూ పిలవకుండానే. "అబద్ధం జెప్పలే మేడం. గొల్లెం మీద ఓదెలు చెయ్యి ఉన్నది నిజమే గదా. సేటు మేనల్లుని పేరు దీస్తే మా వాడకు ఆకు ఇస్తడా? నా చెల్లెను బతకనిస్తడా? చిన్నప్పటి సంది దాని నోరు నేనే. దానికి ఆపద రాకుంట మాట్లాడిననుకున్న. సగం జెప్పిన, అంతే." అంటూనే కూలబడి ఏడ్చాడు.

కొమురవ్వ అన్న వైపు తిరగలేదు. బోను దిగి, నేరుగా గోడకున్న టీవీ దగ్గరికి నడిచింది. క్లర్కు అడ్డం పోబోతే జడ్జమ్మ చెయ్యెత్తి ఆపారు. టీవీలో ఓదెలు ముఖానికి జానెడు దూరంలో నిలబడి ఆమె చేతులు జోడించింది, రెండు పిడికిళ్ళతో నుదురు కొట్టుకుంది. అతను చూస్తున్నాడనే అనుకుంది. కానీ ఆ టీవీకి కన్ను లేదు. కన్ను నేను. నేనింకా బోను వైపే ఉన్నాను.

"అమ్మా, ఆమె ఏడ వోయింది?" అన్నాడు ఓదెలు జైలు నుంచి. "ఒట్టి బోనే కనవడ్తున్నది."

విఠల్‌కు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. నన్ను గిర్రున ఆమె వైపు తిప్పాడు. నాకు ఆమె వీపు కనిపించింది, ఓదెలుకూ అదే. సుగుణ టీచరు పోయి ఆమె భుజాలు పట్టి, మెల్లగా నా వైపు తిప్పి, నా కంటిని వేలితో చూపించింది. కొమురవ్వ నాలోకి చూసింది. అన్ని పెళ్ళిళ్ళలో, అన్ని సభల్లో ఎవరూ నన్ను అలా చూడలేదు. నా వెనక ఒక మనిషి ఉన్నాడని నమ్మి చూసింది. మళ్ళీ చేతులు జోడించింది, నుదురు కొట్టుకుంది.

జవాబు చూడాలంటే టీవీ వైపు తిరగాలి. తిరిగింది. ఓదెలు కళ్ళు తుడుచుకుంటున్నాడు. అతనికి ఆమె సైగలు రావు. ముడుచుకోని తన వేళ్ళను చూసుకున్నాడు. చివరికి ఆ వేళ్ళనే ఎంతో కష్టం మీద దగ్గరకు చేర్చి, నోటి దగ్గర పెట్టుకుని, గడ్డం ఎగరేసి అడిగాడు.

తిన్నవా?

సుగుణ టీచరు ఏదో చెప్పబోయింది. అవసరం లేదన్నారు జడ్జమ్మ. కొమురవ్వ టీవీ ముందే తల అడ్డంగా ఊపింది. అంతలోనే గుర్తొచ్చి నా వైపు తిరిగి, మళ్ళీ ఊపింది, అతనికి కనిపించేలా. లేదు, ఇంకా తినలేదు. మళ్ళీ అతని వైపు తిరిగింది.

టీవీలో పక్కనుంచి జైలు వార్డరు గొంతు వినబడింది. టైమ్ అయింది మేడం, లైను తీసేస్తున్నం అన్నాడు.

"తీయకండి," అన్నారు జడ్జమ్మ. "ఇంకా అయిపోలేదు."